పాత సినిమా పాటల పుస్తకాలు: సేకరణ ఎందుకు? ఎలా?

విలువైన వస్తువును దాచుకొనడం లోకసహజం. విలువ లేదని లోకం పారవేసిన వస్తువును దాచడానికి మాత్రం కొంత దూరదృష్టి, కొంత మొండితనం కావలసి ఉంటుంది. తపాలా బిళ్ళలను, పాత నాణెములను సేకరించే విద్యార్థులు ప్రతి కళాశాలలోను కొందరుంటారు. ఈ వ్యాసంలో మేము ప్రస్తావింపదలచిన వస్తువు వాటికంటె చౌకైనది. ఒకనాడు సినిమా హాలు వాకిట అణాకు, రెండణాలకు అమ్మిన పాటల పుస్తకమే అది. మన పెద్దలలో చాలామంది దానిని కొన్నారు, చదివారు, పాడుకొన్నారు, ఆ తరువాత పారవేశారు. అందువల్లనే నేడు అది దొరకడం కష్టమయినది. అది పోతే దానితోపాటు ఏమేమి పోతున్నవో, మన కళాశాల వంటి రెండు భాషల విద్యాలయానికి దానితో ఎట్టి ప్రత్యేక సంబంధమున్నదో వివరించడమే మా ఉద్దేశము.

పాశ్చాత్య దేశాలలో స్వరపత్రాలు

ఐరోపా, అమెరికా దేశాలలో సినిమా సంగీతాన్ని సేకరించేవారు ప్రధానంగా సేకరించేది స్వరపత్రాలను. పాట యొక్క స్వరలిపిని పియానో మీద వాయించుకొనుటకు వీలుగా అచ్చువేసి, పై అట్టమీద తారల బొమ్మలు వేసి దుకాణాలలో అమ్మేవారు. గ్రామఫోను ఇంటింటికి చేరక పూర్వం పాట ఇంట్లోకి ప్రవేశించిన మార్గం ఆ కాగితమే. మూకీ చిత్రాల కాలంలో హాలులో తెర ముందు కూర్చుండి వాయించే వాద్యకారులకు కూడ ముద్రిత స్వరాలు అవసరమైనవి. ఎర్నో రాపే అనే సంగీతజ్ఞుడు 1924లో ‘మోషన్ పిక్చర్ మూడ్స్’ అనే సంపుటిని వెలువరించాడు. తుపాను, యుద్ధం, ప్రేమ, దుఃఖం వంటి సన్నివేశాలకు ఏయే బాణీలు వాయించవలెనో అందులో వర్గీకరించి ఇచ్చాడు.

అంతటి ముద్రణ సంప్రదాయమున్న దేశంలో కూడ నిర్లక్ష్యం వలన ఎంత నష్టం జరిగినదో తెలిపే ఉదంతమొకటి ఉన్నది. హాలీవుడ్‌లోని ఎం.జి.ఎం. సంస్థ సంగీత భాండాగారంలో తరతరాల చిత్రాలకు వాద్యబృందం వాయించిన పూర్తి స్వరపత్రాలుండేవి. 1970 ప్రాంతంలో స్థలం చాలదను కారణంతో వాటిలో అత్యధిక భాగాన్ని చెత్తదిబ్బలలో పూడ్చివేశారు. అనంతర కాలంలో జాన్ విల్సన్ అనే ఆంగ్ల సంగీత నిర్వాహకుడు ఆ పాత చిత్రాలను మళ్ళీ మళ్ళీ విని, మిగిలిన సంక్షిప్త ప్రతుల సాయంతో ప్రతి వాద్యం స్వరాన్ని తిరిగి వ్రాసుకొని, 2009లో లండన్ నగరంలోని ప్రామ్స్ ఉత్సవాలలో ఆ సంగీతాన్ని వినిపించాడు. ఒక కాగితాన్ని పారవేయుటకు ఒక దినము చాలినది. దానిని తిరిగి సంపాదించుటకు ఏండ్ల శ్రమ పట్టినది.

మన దేశంలో స్వరం ఏమయినది?

మన దేశంలో సినిమా పాటల స్వరపత్రాలు అచ్చయి అంగళ్ళలో అమ్ముడుపోయే ఆచారం ఆ విధంగా పాదుకొనలేదు. మన సంగీతం ప్రధానంగా గురుముఖతః వచ్చినది. పాటను చెవితో నేర్చుకొనడమే మనకు అలవాటు. పెండ్లి ఊరేగింపులో బ్యాండు వాయించేవారు గాని, భజన మండలిలో హార్మోనియం వాయించేవారు గాని రికార్డు విని బాణీ పట్టుకొన్నవారే.

అయినను స్టూడియోలో స్వరపత్రాలు లేకపోలేదు. బొంబాయిలో పెద్ద వాద్యబృందాల కోసం పాశ్చాత్య స్వరలిపి వ్రాయగల వాద్య సమన్వయకర్తలు అవసరమయ్యారు. వారిలో అనేకులు గోవా నుండి వచ్చినవారు. అక్కడి చర్చి పాఠశాలలలో చిన్ననాటనే స్వరలిపి నేర్చినవారు. సెబాస్టియన్ డిసౌజా, ఆంథొనీ గోన్సాల్వెస్ వంటివారు వ్రాసిన కాగితాల మీదనే హిందీ చిత్రాల వాద్యగోష్ఠి నడిచినది. హైదరాబాదులో పెరిగిన శంకర్, గుజరాత్ నుండి వచ్చిన జైకిషన్ కలసి కూర్చిన బాణీలకు వాద్యసంపదను సమకూర్చినవాడు ఈ సెబాస్టియన్. అయితే రికార్డింగు ముగిసిన క్షణంలో ఆ కాగితానికి పని తీరిపోయేది. అది వాద్యకారుని సంచిలోనో, స్టూడియో చెత్తబుట్టలోనో కలిసిపోయేది.

ఇంక మనకు అచ్చులో మిగిలినదేమి? స్వరం కాదు, సాహిత్యం. అందుచేత పాశ్చాత్యులకు స్వరపత్రం ఎట్టిదో మనకు పాటల పుస్తకం అట్టిది. 1930ల నాటి దక్షిణాది పాటల పుస్తకాలలో కొన్నింటిలో పాట శీర్షాన రాగతాళాలు కూడ అచ్చువేయడం గమనింపదగినది. రంగస్థల నాటకాల నుండి వచ్చిన ఆ పద్ధతి క్రమంగా అంతరించినది.

పాటల పుస్తకం స్వరూపం

నేటి విద్యార్థులలో అనేకులు దీనిని చూచి ఉండరు గనుక కొంచెము వర్ణింపవలసి ఉన్నది. సాధారణంగా ఎనిమిది నుండి పదహారు పుటలు గల చిన్న పుస్తకమిది. పై పుటమీద చిత్రం పేరు, నాయికానాయకుల బొమ్మలు, నిర్మాణ సంస్థ ముద్ర ఉంటాయి. లోపల తారాగణం, సాంకేతిక నిపుణుల పేర్లు, ఆ తరువాత కథాసంగ్రహం. కథ రసవత్తరమైన ఘట్టానికి రాగానే ఆగిపోతుంది. ‘శేషం వెండితెరపై చూడండి’ అనే వాక్యం పాఠకుని టికెట్టు కిటికీ వైపు నడిపిస్తుంది. అటుపిమ్మట పాటలు వరుసగా, పాడిన సందర్భంతోనో పాత్ర పేరుతోనో ఉంటాయి.

కాగితం నాసిరకం. అచ్చు ఒక్కొక్కచోట అలుక్కుపోయి ఉంటుంది. విరామ సమయంలో కుర్రవాళ్ళు వీటిని చేతపట్టుకొని హాలులో కేకలు వేస్తూ అమ్మేవారు. చదువు వచ్చినవాడు ఒకడు కొంటే ఆ వాడకట్టు అంతా నేర్చుకొనేది. గ్రామఫోను కొనలేని ఇంట్లో సినిమా పాటకు ఉన్న ఏకైక నివాసం ఆ పుస్తకమే. 1980లలో క్యాసెట్టు చౌకయినది, దూరదర్శన్ ఇండ్లలోకి వచ్చినది. మళ్ళీ మళ్ళీ వినగలిగిన పాటను అచ్చులో కొనుక్కొనే అవసరం తగ్గిపోవడంతో ఈ పుస్తకాలు క్రమంగా కనుమరుగయినవి.

చరిత్రకు సాక్ష్యం

భారతదేశపు తొలి టాకీ చిత్రం ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న బొంబాయిలోని మెజెస్టిక్ సినిమాలో విడుదలయినది. అందులో ఏడు పాటలు ఉండేవి. నేడు ఆ చిత్రం ప్రతి ఎక్కడను లభించడం లేదు. పాటలు రికార్డులుగా కూడ రాలేదు. ఆ మరుసటి సంవత్సరమే, 1932లో, మదన్ సంస్థ నిర్మించిన ‘ఇంద్రసభ’లో సుమారు డెబ్బది పాటలున్నవి. ఆగా హసన్ అమానత్ లక్నోలో రచించిన పందొమ్మిదవ శతాబ్దపు ఉర్దూ గేయనాటకమే దానికి ఆధారము. తెలుగు వారి తొలి పూర్తి టాకీ, హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన ‘భక్త ప్రహ్లాద’ కూడ నేడు చూడడానికి లేదు. దానికి పాటలు వ్రాసిన చందాల కేశవదాసు తెలంగాణములోని ఖమ్మం ప్రాంతపు కవి. చిత్రం లేనప్పుడు, రికార్డు లేనప్పుడు, అందులో ఏమి పాడారో చెప్పగలిగినది అచ్చు కాగితమొక్కటే గదా!

పాత కాగితం చరిత్రను దిద్దగలదనుటకు ‘భక్త ప్రహ్లాద’ చిత్రమే నిదర్శనం. ఆ చిత్రం 1931 సెప్టెంబరు 15న విడుదలయినదని దశాబ్దాలపాటు అందరు వ్రాశారు, ఉత్సవాలు జరిపారు. పాత్రికేయుడు, పరిశోధకుడు రెంటాల జయదేవ ఆనాటి ప్రకటనలను, సెన్సారు వివరాలను వెదకి, విడుదల తేదీ 1932 ఫిబ్రవరి 6 అని నిరూపించారు. ఎవరో ఒకరు ఆ కాగితాలను పారవేయక ఉంచినందువల్లనే ఆ నిరూపణ సాధ్యపడినది.

కాన్పూరుకు చెందిన బ్యాంకు ఉద్యోగి హర్మందిర్ సింగ్ ‘హమ్రాజ్’ చేసిన కృషి ఇంకను గొప్పది. ఆయన పాటల పుస్తకాలు, రికార్డులు, పత్రికా ప్రకటనలు ఊరూరా వెదకి, ప్రతి హిందీ చిత్రానికి పాటల పట్టిక, కవి పేరు, సంగీత దర్శకుని పేరు కూర్చి, 1980 నుండి ‘హిందీ ఫిల్మ్ గీత్ కోశ్’ సంపుటాలను దశాబ్దాల వారీగా వెలువరించారు. విశ్వవిద్యాలయాలు చేయని పనిని ఒక పాఠకుడు చేశాడు. 1964లో పుణెలో స్థాపితమై, 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమయిన జాతీయ చలనచిత్ర భాండాగారం కూడ రీళ్ళతో పాటు పాటల పుస్తకాలను భద్రపరుస్తున్నది.

ఇందులో మరొక ప్రయోజనము కలదు. 78 చుట్ల గ్రామఫోను రికార్డు ఒక ప్రక్క సుమారు మూడు నిమిషాలకు మించి పట్టదు. అందుచేత చిత్రంలో ఉన్న చరణం రికార్డులో లేకపోవచ్చు. నిడివి తగ్గింపులో చిత్రం నుండి తీసివేసిన పాట పుస్తకంలో మిగిలి ఉండవచ్చు. చిత్రం, రికార్డు, పుస్తకం ఈ మూడింటిని ప్రక్కప్రక్కన ఉంచుకొని పరిశీలించినప్పుడే పాట యొక్క పూర్తి రూపం తేలుతుంది.

అయితే పాటల పుస్తకం చెప్పినదంతా పరమ సత్యమని భావింపరాదు. ‘మాయాబజార్’ (1957) చిత్రానికి సంగీత దర్శకునిగా ఘంటసాల పేరే అచ్చయినది. కొన్ని పాటల బాణీలు అంతకు ముందే సాలూరి రాజేశ్వరరావు కూర్చారని సినీ చరిత్రకారులు వ్రాసినారు. ‘దేవదాసు’ (1953) పాటలు సముద్రాల రాఘవాచార్య పేర వెలువడగా, వాటిలో మల్లాది రామకృష్ణశాస్త్రి కలం ఎంతవరకున్నదను చర్చ నేటికిని ముగియలేదు. పుస్తకం మనకు చెప్పునది ఆనాడు లోకానికి ప్రకటించిన పేరు మాత్రమే. సాక్షి చెప్పిన మాటను వినవలెను, ప్రశ్నింపవలెను కూడ.

కాలనిర్ణయం చేయు విధం

పాటల పుస్తకాలలో పెక్కింటిమీద సంవత్సరము ఉండదు. పై అట్ట చిరిగిపోయి ఉంటే చిత్రం పేరు కూడ తెలియదు. ఇట్టి సమయంలో కొన్ని చిన్న గుర్తులు సాయపడతాయి.

మొదటిది వెల. ధర అణాలలో మాత్రమే ఉంటే అది 1957 ఏప్రిల్ 1కి పూర్వపుదని సాధారణంగా భావింపవచ్చును. ఆనాడే దశాంశ నాణెములు అమలులోకి వచ్చినవి. ‘నయా పైసలు’ అని ఉంటే 1957కు, 1964కు నడుమ. 1964 జూన్ 1 నుండి ‘నయా’ అనే మాటను తొలగించారు గనుక ఒట్టి ‘పైసలు’ అని ఉంటే అటు తరువాతిది.

రెండవది చిరునామా. ‘మదరాసు–17’ వలె చివర ఒకటి రెండు అంకెలే ఉంటే అది పాత పద్ధతి. ఆరంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15న ప్రారంభమయినది. మదరాసు పేరు చెన్నైగా మారినది 1996లో.

మూడవది, పేర్ల పట్టిక. నటీనటులు, కవి, సంగీత దర్శకుడు ఈ ముగ్గురి పేర్లు ఒకచోట దొరికితే చాలావరకు చిత్రాన్ని గుర్తింపవచ్చును. అచ్చు తప్పులు, పాత రాతలు, ముద్రణాలయం పేరు కూడ వివరము తెలుపుతాయి. తర్కశాస్త్రం చదివే విద్యార్థులకు ఇంతకంటె మంచి అభ్యాసం లేదని మా అభిప్రాయం.

ఉర్దూ, తెలుగు: ఒకే పుస్తకపు రెండు ప్రక్కలు

హిందీ చిత్రాలని మనం పిలిచే వాటి పాటల పుస్తకాలలో ఉర్దూ లిపికి పెద్ద పీట ఉండేది. అనేక పుస్తకాలలో పాటలు నాగరి లిపిలోను, ఉర్దూ లిపిలోను, కథాసంగ్రహం ఇంగ్లీషులోను అచ్చయ్యేవి. ఉర్దూ భాగాన్ని కాతిబు తన కలంతో అందంగా వ్రాస్తే, దానిని రాతి అచ్చుమీద ముద్రించేవారు. కొన్నింటిలో కుడివైపు నుండి తెరిస్తే ఉర్దూ, ఎడమవైపు నుండి తెరిస్తే నాగరి. మన కళాశాల వార్షిక సంచికను చేతపట్టుకొన్న పాఠకునికి ఈ అమరిక క్రొత్తగా తోచదు.

మన ప్రాంతానికి ఈ విషయంతో గల బంధుత్వం దగ్గరిది. ఆందోల్‌లో 1908లో జన్మించిన మఖ్దూం మొహియుద్దీన్ మన పూర్వపు మెదక్ జిల్లావాడే. ఆందోల్ నేడు మన సంగారెడ్డి జిల్లాలోనే ఉన్నది. ఆయన గీతాలు ‘ఉస్నే కహా థా’ (1960) చిత్రంలోను, ఆయన మరణానంతరం ‘బాజార్’ (1982) చిత్రంలోను దేశమంతట వినిపించినవి. ఉర్దూ మాధ్యమంలో విద్యాభ్యాసం చేసిన సి. నారాయణరెడ్డి ‘గులేబకావళి కథ’ (1962) తో తెలుగు చిత్రసీమలో ప్రవేశించి, ఆ చిత్రానికి పాటలన్నింటిని తానే వ్రాసినారు. ఆ కథ పారశీక, ఉర్దూ సాహిత్యాల నుండి తెలుగులోకి వచ్చినదే. గాలిబ్ కవిత్వాన్ని తెలుగు చేసిన దాశరథి 1961 నుండి సినీగీతాలు వ్రాసినారు. ‘లైలా మజ్ను’ (1949) ను తెలుగువారు భానుమతి, నాగేశ్వరరావుల చిత్రంగా తమదే అనుకొన్నారు. మహమ్మద్ రఫీ ‘భలే తమ్ముడు’ (1969) లో తెలుగులో పాడితే ఆ గొంతును పరాయిదని ఎవరును అనలేదు. ఈ రాకపోకలకు ఆనాటి పాటల పుస్తకాలు లిఖిత సాక్ష్యాలు.

జహీరాబాదులో ఒక అనుభవం

హైదరాబాదు–బొంబాయి రహదారి మీద, బీదరుకు సమీపంలో ఉన్న మన ఊరిలో తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ నాలుగును వినబడతాయి. నిజాం కాలంలో చదువుకొన్న తెలుగు ఇండ్ల పెద్దలకు ఉర్దూ చదవడం, వ్రాయడం సహజంగా వచ్చేవి. దఫ్తరు భాష అదే గదా. అట్టి పెద్దమనిషి ఒకరు ఒక ట్రంకుపెట్టె నిండుగా పాటల పుస్తకాలు దాచుకొన్నారని విని, కొన్ని సంవత్సరాల క్రిందట మేము వారి ఇంటికి వెళ్ళినాము. అప్పటికి ఆ పెద్దాయన మరణించి సంవత్సరం దాటినది.

పెట్టె ఉన్నది. అందులో ముప్పది వరకు తెలుగు పుస్తకాలు ఉన్నవి. ఉర్దూ పుస్తకాల సంగతి అడిగినాము. ఆయన మనుమడు మర్యాదస్తుడైన యువకుడు. కొంచెము సంకోచించి చెప్పినాడు: “అవి మాకెవరికీ చదువ రాదు సార్. తాత ఒక్కడే చదివేటోడు. ఇల్లు సర్దేటప్పుడు మొదలు అవే రద్దీకి ఏసినం. తెలుగువి మాత్రం పారెయ్య బుద్ధి కాలే.”

అతనిని నిందించుటకు మాకు నోరు రాలేదు. చదువలేని కాగితాన్ని ఎవరు మాత్రం ఎంతకాలం దాచగలరు? మా ఇండ్లలో మాత్రం ఏమి జరుగుచున్నది? ఉర్దూ ఇండ్లలో తాతలు కొన్న తెలుగు పుస్తకాలు ఇదే విధంగా వెళ్ళిపోవడం మేము కన్నులార చూచినాము. రద్దీ కొట్టుకు వెళ్ళి విచారించినాము గాని, ఆ సరుకు ఎన్నడో లారీలో వెళ్ళిపోయినది.

తెలుగు పుస్తకాలను ఆ కుటుంబం అనుమతితో కళాశాలకు తెచ్చి ఒక్కొక్కటి విప్పుతుండగా, ‘అనార్కలి’ పుస్తకం మధ్య మరొక పలుచని పుస్తకం మడచి పెట్టి ఉన్నది. దానికి అట్ట లేదు. ఉర్దూ విభాగపు విద్యార్థిని ఒకరు అందులోని పేర్లు చదివినారు: బీనా రాయ్, ప్రదీప్ కుమార్, సంగీతం సి. రామచంద్ర. అది 1953లో వచ్చిన హిందీ ‘అనార్కలి’ పాటల పుస్తకము. దానిని పొదువుకొని ఉన్నది 1955లో అంజలీదేవి, నాగేశ్వరరావు నటించగా ఆదినారాయణరావు సంగీతం కూర్చిన తెలుగు ‘అనార్కలి’. ఇంతియాజ్ అలీ తాజ్ 1922లో వ్రాసిన ఉర్దూ నాటకంతో దేశమంతట ప్రసిద్ధికెక్కిన కథ అది. ఉర్దూ పుస్తకం అంచులలో, కష్టమైన పదాల ప్రక్కన, ఆ పెద్దాయన పెన్సిలుతో తెలుగులో అర్థాలు వ్రాసుకొన్నారు. చివర రెండు మూడు పదాలకు ప్రశ్నార్థకాలు ఉన్నవి. ఆయనకు అర్థం తెలియని పదాలవి. మా విద్యార్థిని వాటి అర్థాలు చెప్పగా, మరొక తెలుగు విద్యార్థి వేరొక కాగితం మీద వ్రాసి ఉంచినాడు. ఒక పెట్టెడు ఉర్దూ పుస్తకాలలో మిగిలినది ఆ ఒక్కటి. అది మిగిలినది తెలుగు పుస్తకంలో ఉన్నందువల్లనే.

సామాన్యులు నిలిపిన భాండాగారాలు

సేకరణ ధనికుల వ్యసనమని కొందరి భ్రమ. తమిళనాడులోని కోట్టయ్యూరుకు చెందిన రోజా ముత్తయ్య చెట్టియార్ బోర్డులు వ్రాసే చిత్రకారుడు. ఆయన జీవితాంతం సేకరించిన పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు, పాటల పుస్తకాలు ఆయన 1992లో మరణించిన తరువాత షికాగో విశ్వవిద్యాలయం చొరవతో 1994లో మదరాసులో ఒక పరిశోధన గ్రంథాలయంగా రూపొందినవి. నేడు దేశవిదేశాల పరిశోధకులు అక్కడికి వెళ్ళుచున్నారు.

మన హైదరాబాదులోనే అబ్దుస్ సమద్ ఖాన్ సొంత సంపాదనతో ఉర్దూ గ్రంథాలను, పత్రికలను సేకరించి ఉర్దూ రీసెర్చ్ సెంటర్ పేర నిలిపినారు. ఆ సంపద తరువాత సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరినది. 2000 ఆగస్టు వరదలలో ఆ కేంద్రంలోకి నీరు చేరి పుస్తకాలు తడియగా, వాటిని ఆరబెట్టి కాపాడుటకు ఎందరో శ్రమించినారు. తెలుగు నాయకుని పేర వెలసిన సంస్థలో ఉర్దూ సంపద నిలిచి ఉండడం మనము గుర్తుంచుకొనవలసిన విషయం.

సంరక్షణ పద్ధతులు

పుస్తకం సంపాదించగానే పని పూర్తికాదు. కొయ్యగుజ్జుతో చేసిన చౌక కాగితంలో ఆమ్లగుణం ఉంటుంది. వెలుతురు, తేమ తగిలితే పసుపుబారి పెళుసవుతుంది. కనుక ఈ క్రింది జాగ్రత్తలు అవసరము.

చిరిగిన పుటకు సెల్లోటేపు అంటింపరాదు. కొంతకాలానికి దాని జిగురు గోధుమ వన్నె మరకగా మారి అక్షరాలను తినివేస్తుంది. ప్లాస్టిక్ పొరలో లామినేషన్ చేయించడం ఇంకను ప్రమాదకరం. ఒకసారి చేసిన పిమ్మట కాగితాన్ని విడదీయలేము. తుప్పు పట్టిన ఇనుప పిన్నులను మెల్లగా తీసి, తెల్లని నూలుదారంతో కుట్టుకొనవచ్చును. పుస్తకాలను నిలువుగా కుక్కక, పరుపుగా పేర్చి, ఒక్కొక్కదానిని శుభ్రమైన కాగితపు కవరులో ఉంచవలెను. గోడకు ఆనించక, నేలకు దించక, గాలి ఆడే బీరువాలో ఉంచితే చెదలు, పురుగు త్వరగా సోకవు. యజమాని పేరు, కొన్న తేదీ, అంచులలోని వ్రాతలు రబ్బరుతో చెరపరాదు. అవి కూడ చరిత్రలో భాగమే.

ప్రతి పుస్తకానికి రిజిస్టరులో ఒక పుట కేటాయింపవలెను. చిత్రం పేరు, సంస్థ, సంవత్సరం, భాష, లిపి, వెల, ముద్రణాలయం, కవి, సంగీత దర్శకుడు, పాటల సంఖ్య, ఎవరి ఇంటి నుండి వచ్చినది అనే వివరాలు అందులో ఉండవలెను. సంవత్సరం పుస్తకం మీద ఉన్నదా, మనము ఊహించినదా అన్నది స్పష్టంగా వ్రాయడం ముఖ్యం. పగటి వెలుతురులో ప్రతి పుటను చరవాణితో ఛాయాచిత్రం తీసి భద్రపరచడం నేడు సులభసాధ్యం. దానివలన అసలు ప్రతిని మాటిమాటికి ముట్టుకొనవలసిన పని తప్పుతుంది. అయితే మన చట్టం ప్రకారం రచన మీద హక్కు కవి మరణానంతరం అరువది సంవత్సరాలు ఉంటుంది. కాబట్టి చదువుకొనుటకు, పరిశోధనకు ఉంచుకొనడం వేరు; పాటలను తిరిగి అచ్చువేసి అమ్మడం వేరు.

కర్తవ్యం

విద్యార్థి మిత్రులకు మా విన్నపం స్వల్పమైనది. ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు అటక మీది పెట్టెను ఒకసారి దింపించండి. నానమ్మలను, తాతలను ఏ హాలులో ఏ చిత్రం చూచారో అడిగి, వారు చెప్పినది వ్రాసుకొనండి. కాగితం దొరకకపోయినను ఆ మాట దొరుకుతుంది. మీకు చదువరాని లిపిలో ఉన్న పుస్తకం కనబడితే దానిని పారవేయక ముందు కళాశాలకు తీసుకొని రండి. ఇక్కడ దానిని చదువగల సహాధ్యాయి ఒకరు తప్పక ఉంటారు. కొన్ని విద్యాలయాలలో ఉర్దూ చదువరులున్నారు, కొన్నింటిలో తెలుగు చదువరులున్నారు. ఒకే బల్ల మీద ఇరువురును కూర్చుండే వసతి మనకున్నది.

కళాశాల పాలకవర్గానికి కూడ ఒక మనవి. ఇందుకు పెద్ద వ్యయం అక్కరలేదు. గ్రంథాలయంలో ఒక బీరువా, ఒక రిజిస్టరు, సంవత్సరానికి ఇద్దరు విద్యార్థులు చాలును. ఒకరు ఉర్దూ విభాగం నుండి, ఒకరు తెలుగు విభాగం నుండి. ప్రస్తుతం ఆ ముప్పది తెలుగు పుస్తకాలు, ఒక ఉర్దూ పుస్తకం ఉపాధ్యాయుల గదిలో ఒక అట్టపెట్టెలో ఉన్నవి. రెండు ‘అనార్కలి’ పుస్తకాలను వేరు చేయక, ఆ పెద్దాయన ఉంచిన విధంగానే ఒకదానిలో ఒకటి ఉంచినాము. రాబోవు సంచికలో ఈ పుటల మీద సేకరణ యొక్క మొదటి పట్టికను ప్రకటింపగలమని ఆశిస్తున్నాము.